కారులోనే సాక్షి.. పిలిచేదెవరు?

ప్రమాదానికి ముందు క్షణాలను నమోదు చేసే చిన్న పరికరం చాలా కార్లలో ఇప్పటికే ఉంది. దాన్ని ఎవరు చదవాలి, ఎవరి కోసం చదవాలి అన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. గ్రూప్స్, సివిల్స్ అభ్యర్థులతో పాటు వాహన రంగంలో కొలువు చూసుకుంటున్న ఇంజినీరింగ్ విద్యార్థులూ తెలుసుకోవాల్సిన అంశమిది.

2022 సెప్టెంబరు 4. అహ్మదాబాద్ నుంచి ముంబయి వెళ్తున్న ఓ ఖరీదైన కారు మహారాష్ట్రలోని పాల్ఘర్ జిల్లాలో సూర్యా నది వంతెన మీద డివైడర్‌ను ఢీకొంది. వెనక సీట్లో కూర్చున్న పారిశ్రామికవేత్త సైరస్ మిస్త్రీ, మరో ప్రయాణికుడు మరణించారు. కొద్ది రోజులకు కారు తయారీ సంస్థ పోలీసులకు ప్రాథమిక నివేదిక ఇచ్చింది. బ్రేకు తొక్కే సమయానికి కారు గంటకు 100 కిలోమీటర్ల వేగంతో ఉందని, ఢీకొనేటప్పటికి అది 89కి తగ్గిందని అందులో ఉన్నట్టు అప్పట్లో పత్రికల్లో వచ్చింది.

ఈ రెండు అంకెలూ ఏ ప్రత్యక్ష సాక్షీ చెప్పినవి కావు. సీసీ కెమెరా పట్టిచ్చినవీ కావు. కారులో నమోదైన సమాచారాన్ని చదివితే తెలిసినవి.

ఇప్పుడు ఇంకో దృశ్యం ఊహించండి. ఓ పట్టణ శివారు బైపాస్. రాత్రి తొమ్మిదింటికి బండి మీద ఇంటికెళ్తున్న మనిషిని కారు గుద్దింది. చూసినవాళ్లు లేరు. ‘బండే అడ్డమొచ్చింది, నేను నలభై మీదే వస్తున్నా’ అన్నాడు కారు నడిపినాయన. కాదని చెప్పాల్సిన మనిషి బతికి లేడు. ఆయన భార్య పరిహారం కోసం ట్రైబ్యునల్ మెట్లెక్కితే వేగం ఎంతో, బ్రేకు తొక్కారో లేదో ఎవరు చెప్పాలి? పాల్ఘర్‌లో నోరు విప్పిన సాక్షి ఈ కేసులోనూ పలుకుతుందా? ఈ ప్రశ్న పట్టుకుని ముందుకెళ్తే సాంకేతికత, చట్టం, ఉద్యోగాలు మూడూ ఒక్కచోట కలుస్తాయి.

ఏమిటీ ఈడీఆర్?

ఈవెంట్ డేటా రికార్డర్‌కు పొట్టిపేరు ఈడీఆర్. వాడుకలో దీన్ని కారు బ్లాక్‌బాక్స్ అంటున్నారు గానీ, విమానంలోని బ్లాక్‌బాక్స్‌కీ దీనికీ చాలా తేడా ఉంది. విమానంలోని ఫ్లైట్ డేటా రికార్డర్ కనీసం 25 గంటల సమాచారాన్ని దాస్తుంది. ఈడీఆర్ దాచేది కొన్ని సెకన్లే.

ఇది కారులో విడిగా కనిపించే పెట్టె కాదు. సాధారణంగా ఎయిర్‌బ్యాగ్ కంట్రోల్ యూనిట్‌లోనే భాగంగా ఉంటుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోవాలా వద్దా అన్నది తేల్చాలంటే కారు వేగం ఎంత హఠాత్తుగా మారుతోందో ఆ యూనిట్‌కు అనుక్షణం తెలియాలి. అందుకోసం ఎలాగూ సెన్సర్లున్నాయి. వాటి నుంచి, కారులోని ఇతర యూనిట్ల నుంచి వచ్చే సమాచారాన్ని ఓ చిన్న మెమరీలో రాసుకుంటూ పోతుంది. కొత్తది రాగానే పాతది చెరిగిపోతుంది. పలక మీద రాసి తుడిచి మళ్లీ రాసినట్టన్నమాట. ఢీకొన్న క్షణంలో మాత్రం తుడవడం ఆగిపోతుంది. అంతకుముందు కొన్ని సెకన్లు, ఆ తర్వాత సెకనులో కొంత భాగం వరకు ఉన్న సమాచారం భద్రమవుతుంది. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్న ఘటనైతే ఆ రికార్డు మీద మళ్లీ రాయడానికి వీలుండదు.

మరి ‘ఢీకొంది’ అని దానికెలా తెలుస్తుంది? అమెరికా నిబంధనల్లోనూ, ఐక్యరాజ్యసమితి ఆధ్వర్యంలో రూపొందిన 160వ నిబంధనలోనూ ప్రధాన కొలమానం ఒకటే. 150 మిల్లీసెకన్ల లోపు కారు వేగంలో గంటకు 8 కిలోమీటర్లు లేదా అంతకుమించి మార్పు రావాలి. 150 మిల్లీసెకన్లంటే సెకనులో సుమారు ఏడో వంతు. ఈ 8 అనే అంకెను గుర్తుపెట్టుకోండి. మన రోడ్ల దగ్గరికొచ్చాక దీనితో పెద్ద పనే ఉంది.

ఏం రాస్తుంది? ఏం రాయదు?

ఢీకొనడానికి ముందు కారు వేగం, యాక్సిలరేటర్ ఎంతవరకు నొక్కారు, బ్రేకు తొక్కారా లేదా, డ్రైవర్ సీటు బెల్టు పెట్టుకున్నారా, ఎయిర్‌బ్యాగ్ ఎన్ని మిల్లీసెకన్లకు విచ్చుకుంది, ఢీకొన్నప్పుడు వేగం ఎంత మారింది, ఒకసారే ఢీకొందా వరసగా రెండుసార్లా.. ఇవీ ఇందులో ఉండే ముఖ్య వివరాలు.

ఇక లేనివి చూద్దాం. మాటలు రికార్డు కావు. వీడియో ఉండదు. నడిపిందెవరో ఉండదు. కారు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందన్నదీ ఈడీఆర్ పని కాదు.

ఇక్కడ చాలామంది అభ్యర్థులు తికమకపడుతుంటారు. బస్సులు, ట్యాక్సీల్లాంటి ప్రజా రవాణా వాహనాల్లో కొత్తవాటికి 2019 జనవరి 1 నుంచి తప్పనిసరి చేసిన ఏఐఎస్-140 పరికరం వేరు. అది వాహనం ఎక్కడుందో చెబుతుంది. ప్రయాణికుల కోసం అత్యవసర బటన్ కూడా అందులో భాగమే. అలాగే ఇంటర్నెట్‌తో పనిచేసే ‘కనెక్టెడ్’ కార్లు కంపెనీ సర్వర్లకు పంపే సమాచారమూ వేరు. ఈడీఆర్ ఎవరికీ ఏమీ పంపదు. కారు దగ్గరికెళ్లి, తగిన సాధనం తగిలించి చదవాల్సిందే.

ఏ దేశం ఏం చేసింది?

అమెరికా 2006లో నిబంధన రాసింది. ఈడీఆర్ పెట్టాలా వద్దా అన్నది కంపెనీ ఇష్టం. పెడితే మాత్రం ఏమేం నమోదు చేయాలో, ఎంత కచ్చితంగా నమోదు చేయాలో అందులో ఉంది. దాని అమలు 2012 సెప్టెంబరు నుంచి మొదలైంది. అన్ని కార్లకూ తప్పనిసరి చేద్దామని 2012లోనే ప్రతిపాదన వచ్చినా 2019లో వెనక్కి తీసుకున్నారు. కారణం ఆసక్తికరం. అప్పటికే దాదాపు అన్ని కొత్త కార్లలోనూ కంపెనీలు తమంతట తామే పెట్టేశాయి. ముందు క్షణాల రికార్డింగును 5 సెకన్ల నుంచి 20 సెకన్లకు, సెకనుకు 2 సార్లు నమోదు చేసేదాన్ని 10 సార్లకు పెంచుతూ 2024 డిసెంబరులో మరో నిబంధన తెచ్చారు.

ఐరోపా సమాఖ్య నేరుగా తప్పనిసరి బాట పట్టింది. 2019 నాటి సాధారణ భద్రతా నియంత్రణ ప్రకారం కొత్త మోడళ్ల కార్లు, వ్యాన్లకు 2022 జులై నుంచి, అమ్మే ప్రతి కొత్త కారుకూ 2024 జులై నుంచి ఈడీఆర్ ఉండాలి. బస్సులు, లారీల కొత్త మోడళ్లకు 2026 జనవరి నుంచి వర్తింపజేసింది. చైనా కొత్త ప్యాసింజర్ కార్లకు 2022 జనవరి నుంచి నిబంధన అమలు చేస్తోంది.

మన దేశంలో 2019 జులై 1 నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్, సీటు బెల్టు హెచ్చరిక, వేగ హెచ్చరిక, రివర్స్ సెన్సర్ తప్పనిసరి అయ్యాయి. 2023 అక్టోబరు నుంచి భారత్ ఎన్‌క్యాప్ కింద కార్లకు స్టార్ రేటింగులు ఇస్తున్నారు. ఎయిర్‌బ్యాగ్ వచ్చిందంటే కంట్రోల్ యూనిట్ కూడా వచ్చినట్టే. మన మార్కెట్లోని పలు కార్లతో ఇచ్చే యజమాని పుస్తకాన్ని తిరగేయండి, ఈడీఆర్ గురించి ఓ పేరా కనిపిస్తుంది. అయితే అన్ని కార్లలోనూ ఉండాలని, ఫలానావి నమోదు చేయాలని, ఫలానావాళ్లు చదవొచ్చని చెప్పే ఐరోపా తరహా నిబంధన మాత్రం మనకు లేదు. యంత్రం ముందొచ్చేసింది, చట్టం ఇంకా రావాల్సి ఉంది.

మన రోడ్ల లెక్క వేరు

‘అయితే ఐరోపా నిబంధనను యథాతథంగా తెచ్చేసుకుంటే సరిపోతుంది కదా?’ అని మీకు అనిపించవచ్చు. ఇక్కడే 8 అనే అంకె అవసరం పడుతుంది.

కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 4,61,312 రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాల మీద వెళ్తున్నవాళ్లు, 19.5 శాతం పాదచారులు. అంటే ప్రతి వంద మందిలో 64 మంది బండి మీదో, కాలినడకనో ఉన్నవాళ్లే.

ఇంటర్ ఫిజిక్స్‌లో చదివిన ద్రవ్యవేగ నిత్యత్వ సూత్రాన్ని ఇక్కడ వాడి చూద్దాం. 1,200 కిలోల కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చి, ఆగి ఉన్న బండిని గుద్దిందనుకోండి. బండి, మనిషి కలిపి 180 కిలోలు. గుద్దిన వెంటనే రెండూ కలిసి కదిలాయనుకుంటే ఉమ్మడి వేగం 60ని 1,200తో గుణించి 1,380తో భాగిస్తే వస్తుంది. సుమారు 52.2. అంటే కారు వేగం తగ్గింది 7.8 కిలోమీటర్లే, 8 దాటలేదు. అదే 60 కిలోల పాదచారి అయితే? కారు వేగంలో మార్పు 2.9 కిలోమీటర్లు మాత్రమే.

అవతలి మనిషి ప్రాణం పోయేంత దెబ్బ. కారు లోపలి సెన్సర్‌కు మాత్రం అదొక కుదుపు. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకోకపోవచ్చు, రికార్డు భద్రం కాకపోవచ్చు. ఇది తేలికపాటి లెక్కే. నిజ ప్రమాదాల్లో కోణాలు, బరువులు మారతాయి, ఫలితమూ మారుతుంది. కానీ అసలు విషయం మారదు. 8 కిలోమీటర్ల గీత ప్రధానంగా కారు లోపలివాళ్ల భద్రతను దృష్టిలో పెట్టుకుని గీసింది. పాదచారి తగిలితే బానెట్ పైకి లేచే రక్షణ ఏర్పాటున్న కార్లలో, అది పనిచేసినప్పుడూ రికార్డు భద్రం కావాలని 160వ నిబంధన అంటోంది. కానీ అలాంటి బానెట్ మన రోడ్ల మీద తిరిగే ఎన్ని కార్లలో ఉంటుంది?

కాబట్టి మనం నిబంధన రాసుకునే రోజున తొలి చర్చ ఇదే కావాలి. బయటి మనిషిని గుద్దినప్పుడు కూడా రికార్డు నిలిచేలా గీతను కిందికి దించాలా? దించితే గుంతలో పడిన ప్రతిసారీ, స్పీడ్ బ్రేకర్ ఎక్కిన ప్రతిసారీ రికార్డు నిండిపోకుండా ఎలా చూడాలి? గట్టిగా బ్రేకు తొక్కడాన్నీ, స్వల్ప కుదుపునూ జోడించి చూడొచ్చా? ఇవన్నీ ఇంజినీర్లు తేల్చాల్సిన ప్రశ్నలు. తేల్చాలని అడగాల్సింది మాత్రం విధానకర్తలు.

డేటా ఎవరిది?

అమెరికాలో 2015 నాటి డ్రైవర్ ప్రైవసీ చట్టం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. డేటా కారు యజమానిది లేదా లీజుకు తీసుకున్నవారిది. కోర్టు ఆదేశం, యజమాని సమ్మతి లాంటి కొన్ని సందర్భాల్లోనే ఇతరులు చదవొచ్చు. ఐరోపా నియమాల్లో వాహన గుర్తింపు సంఖ్యలోని చివరి నాలుగు అంకెలు రికార్డులో ఉండకూడదు. ఎవరి కారో తెలిసిపోకుండా చేసిన ఏర్పాటిది.

మన దగ్గర గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017లో పుట్టస్వామి కేసులో తేల్చింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, దశలవారీగా అమల్లోకి వస్తున్నాయి. ఈ చట్టంలోని 17వ సెక్షన్ కొన్ని మినహాయింపులిచ్చింది. నేర దర్యాప్తు కోసం, చట్టబద్ధమైన హక్కును సాధించుకోవడం కోసం డేటాను వాడాల్సి వస్తే పలు ఆంక్షలు వర్తించవు. అంటే పరిహారం కోరే కుటుంబానికి ఈ చట్టం అడ్డుగోడ కాదు. అలాగని తలుపు తీసి చేతికిచ్చేదీ కాదు. అడిగితే ఇవ్వాల్సిందేనని కంపెనీకి చెప్పడం లేదు.

‘నా కారు నాకే వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పడమేంటి? రాజ్యాంగంలోని 20(3) అధికరణ ఒప్పుకుంటుందా?’ అని అడిగేవాళ్లూ ఉంటారు. మంచి ప్రశ్నే. వేలిముద్రలు, చేతిరాత నమూనాలు ఇవ్వడం తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పడం కాదని 1961లో కాఠీ కాలు ఒఘడ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. యంత్రం రాసుకున్న వేగం కూడా మనిషి నోటి వాంగ్మూలం కాదు కాబట్టి అదే తర్కం దీనికీ వర్తిస్తుందని వాదించవచ్చు. అయితే నేర దర్యాప్తుకు చదవడం వేరు, బీమా ప్రీమియం పెంచడానికి చదవడం వేరు. రెండో దానికి యజమాని సమ్మతి తప్పనిసరి అని రాసుకుంటేనే జనం ఈ పరికరాన్ని నమ్ముతారు.

సాక్ష్యం తుక్కులో కలిసేలోపు

చట్టం పూర్తిగా లేదని ఇప్పుడేమీ చేయలేమా? చేయొచ్చు. మోటారు వాహనాల చట్టంలోని 169వ సెక్షన్ ప్రమాద పరిహార ట్రైబ్యునల్‌కు సివిల్ కోర్టు అధికారాలిచ్చింది. పత్రాలను, వస్తువులను తెప్పించమని ట్రైబ్యునల్‌ను కోరవచ్చు. కారులోని యూనిట్ కూడా వస్తువే కదా.

చిక్కు ఎక్కడంటే, అప్పటికి ఆ యూనిట్ ఉండాలి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నాక మరమ్మతులో సాధారణంగా కంట్రోల్ యూనిట్‌నూ మార్చేస్తారు. పాతది తుక్కులోకి పోతుంది. ట్రైబ్యునల్‌లో వాదనలు మొదలయ్యే నాటికి సాక్షి లేనట్టే.

2022 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నియమాల ప్రకారం దర్యాప్తు అధికారి 48 గంటల్లో తొలి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో సమగ్ర నివేదిక ఇవ్వాలి. ఐఐటీ మద్రాస్, ఎన్‌ఐసీ కలిసి రూపొందించిన ఐరాడ్, దాని కొనసాగింపైన ఈ-డార్ వేదికల్లో వివరాలు నమోదు చేస్తున్నారు. వాహనాన్ని మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పరిశీలిస్తారు. ఆ పరిశీలనలోనే ‘ఈడీఆర్ ఉందా? యూనిట్‌ను భద్రపరిచారా? చదివారా?’ అనే మూడు గడులు చేరిస్తే చాలు, సగం పని అయిపోతుంది. పాల్ఘర్ కేసులో తయారీ సంస్థే కదిలింది. అందరి కేసులకూ అలా కదలదు. జిల్లా స్థాయిలో చదివే సాధనం, శిక్షణ పొందిన మనిషి ఉండాలి.

ఇంకో లాభమూ ఉంది. 2022 మరణాల్లో 71.2 శాతానికి అతివేగం కారణమని ప్రభుత్వ నివేదిక చెబుతోంది. ఈ లెక్కకు ఆధారం పోలీసు రికార్డులు. వేగాన్ని కొలిచిన అంకెలు తోడైతే రోడ్డు మలుపు తప్పెంత, మనిషి తప్పెంత అన్నదీ విడదీసి చూడొచ్చు.

అది చెప్పిందే వేదమా?

కాదు. ఈడీఆర్ రాసే వేగం తరచూ చక్రాల తిరుగుడు నుంచి వస్తుంది. బ్రేకు పడి చక్రాలు జారితే అసలు వేగం కంటే తక్కువ నమోదు కావచ్చు. టైర్ల సైజు మార్చినా తేడా వస్తుంది. బ్రేకు ‘తొక్కారు’ అన్న నమోదు ఎంత గట్టిగా తొక్కారో చెప్పకపోవచ్చు. తీవ్ర ప్రమాదంలో విద్యుత్తు తెగిపోతే రికార్డు సగంలో ఆగవచ్చు. అందుకే ‘రికార్డు పూర్తయిందా’ అన్నది కూడా నమోదు చేయాలని అమెరికా నిబంధన అడుగుతుంది. టైరు గుర్తులు, వాహనాల నలుగుడు, వైద్య నివేదికలతో పోల్చి చదివితేనే అది సాక్ష్యం.

ఇది ఇరుపక్షాలకూ పనికొస్తుంది. కార్లు వాటంతటవే దూసుకుపోతున్నాయని అమెరికాలో దుమారం రేగినప్పుడు, 2010లో అక్కడి రవాణా భద్రతా సంస్థ ఒక కంపెనీకి చెందిన 58 కార్ల రికార్డర్లను చదివింది. 35 కార్లలో బ్రేకు తొక్కిన ఆనవాలే లేదు. అలాగే, తప్పు లేని డ్రైవర్‌ను కాపాడేదీ ఇలాంటి రికార్డే. బైపాస్ మీది కారాయన నిజంగానే నలభై మీద వచ్చి ఉంటే, ఆయనకు అంతకు మించిన సాక్షి దొరకదు.

ఉద్యోగాల కోణం

వాహన ఇంజినీరింగ్: ఈసీఈ, ఈఈఈ, సీఎస్‌ఈ, మెకానికల్ విద్యార్థులకు అవకాశముంది. సీ భాష, క్యాన్ బస్, ఆటోసార్ మీద పట్టు సాధించండి. భద్రతా ప్రమాణం ఐఎస్‌వో 26262, సైబర్ భద్రతకు ఐఎస్‌వో/ఎస్‌ఏఈ 21434 ప్రాథమిక అంశాలైనా చదవండి. జెడ్‌ఎఫ్, హ్యుందాయ్ మోబిస్ లాంటి సంస్థల ఇంజినీరింగ్ కేంద్రాలు హైదరాబాద్‌లోనే ఉన్నాయి. వాహన పరీక్షల వైపు ఆసక్తి ఉంటే పుణెలోని ఏఆర్‌ఏఐ, మానేసర్‌లోని ఐక్యాట్ ప్రకటనలను గమనిస్తుండండి.

ఫోరెన్సిక్ రంగం: ఏడేళ్లు, అంతకుమించి శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనా స్థలానికి వెళ్లాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 176(3) సెక్షన్ చెబుతోంది. ఎలక్ట్రానిక్ రికార్డుకు భారతీయ సాక్ష్య అధినియమ్‌లోని 63వ సెక్షన్ కింద ధ్రువపత్రం కావాలి. అందులో ఒక భాగాన్ని నిపుణుడే నింపాలి. డిజిటల్ ఫోరెన్సిక్స్ చదివినవాళ్లకు ఇది అచ్చంగా సరిపోయే పని.

ప్రభుత్వ కొలువు: సహాయ మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్ పోస్టులకు సిద్ధమయ్యే మెకానికల్, ఆటోమొబైల్ అభ్యర్థులు ఏఐఎస్ ప్రమాణాలను, ఈ-డార్ విధానాన్ని తప్పకుండా చదవాలి.

బీమా, న్యాయం: ఐఆర్‌డీఏఐ లైసెన్సుతో సర్వేయర్లుగా పనిచేసేవారికి, ట్రైబ్యునళ్లలో వాదించే యువ న్యాయవాదులకు ఈ రికార్డును చదివి అర్థం చేసుకోవడం రానున్న రోజుల్లో అదనపు బలం.

పరీక్షలో అడిగితే..

మెయిన్స్‌లో గానీ, ఇంటర్వ్యూలో గానీ ‘కార్లలో ఈడీఆర్‌ను తప్పనిసరి చేయాలా?’ అని అడిగితే ఔను, కాదు అని ఆపేయొద్దు. నాలుగు మెట్లలో జవాబు కట్టండి. ఏ ఘటనకు రికార్డు నిలవాలి? అందులో ఏమేం ఉండాలి? ఎవరు, ఏ అనుమతితో చదవాలి? చదివేదాకా దాన్ని ఎవరు కాపాడాలి? ఈ నాలుగింటికీ మన దేశ పరిస్థితుల నుంచి ఒక్కో ఉదాహరణ ఇవ్వండి.

రాసే ముందు బైపాస్ మీద ప్రాణం పోయిన ఆ మనిషిని ఓసారి తలచుకోండి. మీరు ప్రతిపాదించిన నిబంధనతో ఆయన కుటుంబానికి ఆ రాత్రి కారు వేగమెంతో తెలుస్తుందా? తెలియకపోతే నాలుగు మెట్లలో ఏదో ఒకటి సరిగ్గా పడలేదన్నమాట. మళ్లీ మొదటి మెట్టు నుంచి చూసుకోండి.